ఒక్క పెళ్ళి పత్రం బదులు ఎనిమిది కాగితాలు: విశాఖలో స్వలింగ జంటలకు దొరికే సేవల సమీక్ష

విశాఖలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పెళ్ళి నమోదు చేయించుకుంటే చేతికొచ్చేది ఒకే కాగితం. ఆసుపత్రిలో, బ్యాంకులో, పీఎఫ్ దగ్గర, బీమా దగ్గర, ఆదాయపు పన్ను లెక్కలో, చివరికి శవాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి కూడా ఆ ఒక్కటే చాలు. ఇద్దరు అమ్మాయిలో, ఇద్దరు అబ్బాయిలో ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికినా ఆ కాగితం రాదు. దాని బదులు వకీలు దగ్గర, దస్తావేజు లేఖరి దగ్గర, బ్యాంకులో, ఆసుపత్రిలో విడివిడిగా కూడగట్టుకోగలిగినవి ఎనిమిది ఉన్నాయి: వీలునామా, జాయింటు ఖాతా, నామినేషన్లు, ముందస్తు వైద్య నిర్దేశం, మానసిక వైద్యానికి ప్రతినిధి నియామకం, పవర్ ఆఫ్ అటార్నీ, ఇంటి దస్తావేజు, సహజీవన ఒప్పందం.

ఈ ఎనిమిదింటిలో ఏది పెట్టిన ఖర్చుకి తగ్గ పని చేస్తుంది, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష. పదికి మార్కులు వేశాం. పెళ్ళి పత్రానికి పదికి పది అనుకుంటే మిగతావి దానికి ఎంత దగ్గరగా వస్తాయన్నదే కొలత.

మూసి ఉన్న కిటికీ

ముందు అసలు సేవ గురించి చెప్పాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి మంత్రం అక్కర్లేదు, తాళి అక్కర్లేదు, ఇద్దరిదీ ఒకే మతం కానక్కర్లేదు. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకి ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇస్తే దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించి, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట ప్రమాణం, సంతకాలు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. మన దగ్గర ఈ పని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనే అవుతుంది. కులాంతర, మతాంతర జంటలకు చిక్కంతా ఆ నోటీసు బోర్డు దగ్గరే. పేర్లు, చిరునామాలు గోడ మీదికెక్కిన పూటే ఊళ్ళోంచి బంధువులు దిగిపోతారు.

స్వలింగ జంట దరఖాస్తు ఆ బోర్డు దాకా కూడా వెళ్ళదు. చట్టంలోని 4వ సెక్షన్ పురుషుడికి 21 ఏళ్ళు, స్త్రీకి 18 ఏళ్ళు నిండాలంటుంది. ఆ ఒక్క వాక్యం దగ్గరే తలుపు మూసుకుపోతుంది.

ఆ వాక్యాన్ని విశాలంగా చదవమని సుప్రీంకోర్టుని అడిగిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా పది రోజులు వాదనలు సాగాయి. అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్ళి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. పెళ్ళి కాకపోయినా పౌరబంధంగా గుర్తించాలా అన్న దగ్గర చీలిక వచ్చింది. గుర్తించాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్. అది కోర్టు చేతిలో లేదని జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ. మూడుకి రెండు. సమీక్ష పిటిషన్లను కూడా 2025 జనవరి 9న కొట్టేశారు. ఆ విచారణ నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే, కూడదని రాసిన రాష్ట్రాల్లో రాజస్థాన్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇక్కడి జంటలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఢిల్లీలో తలుపు తీసినా మొదట కదలాల్సింది మన రాష్ట్ర ప్రభుత్వపు రిజిస్ట్రేషన్ శాఖే.

వ్యతిరేకుల వాదనలో బలమున్నది ఒకటి ఉంది. ప్రత్యేక వివాహ చట్టం ఒంటరి చట్టం కాదు. భరణం, వారసత్వం, విడాకులు, దత్తత, అన్నీ భర్త, భార్య అన్న మాటల మీదే నిలబడ్డాయి. ఒక సెక్షన్ మారిస్తే మిగతావీ మార్చాలి, అది శాసనసభల పని. నిజమే, పని పెద్దదే. పని పెద్దదన్నది హక్కు లేదనడానికి కారణం మాత్రం కాలేదు. రెండో వాదన, ఇది మన సంస్కృతి కాదన్నది, ఈ చట్టానికి అసలు అతకదు. ఏ గుడిలోనూ, ఏ చర్చిలోనూ, ఏ మసీదులోనూ పెళ్ళి చేయమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. సర్కారు ఇచ్చే పత్రం అడుగుతున్నారు. సమాజం ఒప్పుకున్నాక చూద్దామన్నది మూడో వాదన. తెలుగువాళ్ళు దీనికి జవాబు తమ చరిత్రలోనే వెతుక్కోవచ్చు. వితంతు పునర్వివాహాన్ని అనుమతిస్తూ చట్టం వచ్చింది 1856లో. వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టం ముందొచ్చి పాతికేళ్ళు మనిషి కోసం ఎదురుచూసింది. ఊరంతా సరేనన్నాకే చట్టమని ఆగి ఉంటే ఆ పెళ్ళి పీటలు పడేవి కావు. ఇప్పుడు తిరగబడింది. మనుషులు కాపురాలు పెట్టేశారు, చట్టమే రాలేదు.

ఒక మినహాయింపు ఉంది. ట్రాన్స్ స్త్రీ పురుషుణ్ణి, ట్రాన్స్ పురుషుడు స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళాడవచ్చని అదే 2023 తీర్పులో అయిదుగురూ ఒప్పుకున్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ట్రాన్స్ స్త్రీ స్త్రీయే అని, అత్తింటి వేధింపుల కేసు పెట్టే హక్కు ఆమెకూ ఉందని చెప్పింది. అలాంటి జంటలు ఈ ఎనిమిది కాగితాల జోలికి పోనక్కర్లేదు. నేరుగా పెళ్ళి నమోదుకే వెళ్ళాలి.

వీలునామా: పదికి ఎనిమిది

మొత్తం కట్టలో ఒక్కటే చేయించుకోగలిగితే ఇదే చేయించుకోండి.

కారణం సూటిగా ఉంది. వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే ఆస్తి మొదట కొడుకు, కూతురు, భార్య, తల్లికి వెళ్తుంది. పెళ్ళికాని హిందూ స్త్రీ పోతే తల్లిదండ్రులకు. ఆ జాబితా ఎంత కిందికి చదివినా కలిసి బతికిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. వీలునామా ఒక్కటే ఆ జాబితాని పక్కకు నెట్టగలదు.

దీనికి స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాసినవారు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెబుతాం. సూపర్‌బజారు, ద్వారకానగర్, మధురవాడ, గాజువాక, మీకు ఏది దగ్గరైతే అక్కడికి ఇద్దరు సాక్షులతో, అందరి ఆధార్ కార్డులతో వెళ్తే అక్కడే ఫోటో, వేలిముద్ర తీసుకుంటారు. రాతకూలి వేరు, సర్కారు ఫీజు వేరు. రెండూ విడివిడిగా చెప్పమని ముందే అడగండి.

ఇంట్లో తెలియకుండా బతుకుతున్నవారికి ఇందులో ఒక మేలు ఉంది, చాలామంది లేఖర్లు కూడా దీన్ని చెప్పరు. రిజిస్టరైన వీలునామా, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో వీలునామాల కోసం విడిగా ఉంచే మూడో పుస్తకంలోకి వెళ్తుంది. రాసిన మనిషి బతికుండగా ఆ నకలు ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఆస్తి మీద ఈసీ (జరిగిన లావాదేవీలు చూపించే పత్రం) తీసినా అందులో కనబడదు. ఇంకా గుట్టుగా కావాలంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది.

ఎక్కడ తప్పుతుంది? సాక్షుల దగ్గర. కోర్టులో వీలునామా నిలబడాలంటే సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. అందుకని మీకంటే వయసులో చిన్నవాళ్ళని, ఊరు వదిలి వెళ్ళే అవకాశం తక్కువున్నవాళ్ళని పెట్టుకోండి. అమెరికా వెళ్ళబోతున్న స్నేహితుణ్ణి సాక్షిగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఆస్తి పొందబోయే మనిషిని సాక్షిగా ఎన్నడూ పెట్టకండి.

రెండో తప్పు, కారణం రాయకపోవడం. కన్నవాళ్ళని వదిలి "బయటి మనిషికి" ఎందుకిచ్చారన్నదే కోర్టులో వచ్చే మొదటి ప్రశ్న. అనుమానం అక్కడే పుడుతుంది. దానికి జవాబు వీలునామాలోనే ఒక పేరాలో ఉండాలి: ఈ మనిషితో ఫలానా సంవత్సరం నుంచి కలిసి జీవిస్తున్నాను, ఒకరి బాగోగులు ఒకరం చూసుకుంటున్నాం, నా తల్లిదండ్రులకు ఫలానా ఏర్పాటు చేశాను లేదా వాళ్ళకి వేరే ఆధారం ఉంది, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను. అదే రోజు డాక్టరు దగ్గర, మనసు స్థిరంగా ఉందని ఒక ధ్రువపత్రం తీసుకుని జతచేయండి. భార్య అని, భర్త అని మాత్రం రాయకండి. చట్టం ఒప్పుకోని మాట వాడితే ఎదుటి వకీలుకి ఆయుధం అందించినట్టే. "నా జీవిత భాగస్వామి" అని పేరు, తండ్రి పేరు, ఆధార్‌లో ఉన్న చిరునామాతో రాస్తే మనిషెవరో తేలిపోతుంది.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మీ వాటాని కూడా వీలునామాలో రాయవచ్చు. మీ వాటా దాటి రాస్తే ఆ మేరకు చెల్లదు.

రెండు మార్కులు ఎందుకు తీశామంటే, చావు తర్వాతే ఇది పని మొదలుపెడుతుంది, పైగా కోర్టులో సవాలు చేయడానికి ఎవరికైనా వీలుంది. పెళ్ళాం అన్న హోదాని అంత తేలిగ్గా ఎవరూ సవాలు చేయరు.

జాయింటు ఖాతా, నామినేషన్లు: పదికి ఏడు, పదికి అయిదు

2023 తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ పనివల్ల నేలమీద కనబడే మార్పు వచ్చింది ఇక్కడే. 2024 ఆగస్టులో ఆర్థికశాఖ, రిజర్వు బ్యాంకు రెండూ స్పష్టం చేశాయి. స్వలింగ బంధంలో ఉన్నవారు జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. నిజానికి అంతకు ముందూ నిబంధనల్లో అడ్డు లేదు, కౌంటరు దగ్గర మనుషులే ఆపేవారు. ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న ఇచ్చిన సూచన నకలు ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్ళండి, సగం వాదన తప్పుతుంది.

ఖాతా తెరిచేటప్పుడు "ఈదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు) అన్న గడిలో టిక్ పడిందో లేదో కళ్ళారా చూసుకోండి. "జాయింట్‌లీ" అని పడితే ఒకరు ఐసీయూలో ఉన్న రోజు రెండోవారు డబ్బు తీయలేరు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలుంది, ఎవరికెంత వాటా అన్నదీ రాయవచ్చు. అమ్మకి కొంత, భాగస్వామికి కొంత అని పంచేవారికి ఇది పనికొస్తుంది. లాకరుకి నామినేషన్ వేరే ఫారం, మరిచిపోకండి. ఖాతాదారు పోయాక పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు నామినీకి చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

నామినేషన్‌కి మార్కులు తగ్గించడానికి కారణం ఉంది. నామినీ అంటే సొంతదారు అని ఊరంతా నమ్ముతుంది. కాదు. డబ్బు ముందుగా చేతిలోకి తీసుకునే మనిషి మాత్రమే. చట్టప్రకారం వారసులు తర్వాత వచ్చి అడగవచ్చు. 1984లో బీమా విషయంలోనూ, 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే సొమ్ము నిజంగా వాళ్ళదే అవుతుంది. ఆ జాబితాలో స్వలింగ భాగస్వామి లేరు. అందుకని నామినేషన్ ఒంటరిగా వద్దు. వీలునామాలో ఖాతా నంబరు, పాలసీ నంబరు, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా నంబరు రాసి ఇదీ ఫలానా మనిషికే అని తేల్చేయండి. రెండూ ఒకే పేరు చెప్పాలి.

బీమా ఫారంలో సంబంధం అన్న గడి దగ్గర ఏజెంట్లు తేలిక మార్గం చూపిస్తారు: "చెల్లి అని రాసేద్దామండి", "కజిన్ అనేద్దాం". ఒప్పుకోకండి. పాలసీ తీసుకున్న మూడేళ్ళలోపు తప్పుడు వివరం బయటపడితే క్లెయిము ఆపడానికి అది చాలు. "స్నేహితురాలు" అని గానీ "భాగస్వామి" అని గానీ నిజమే రాయండి. కారణం అడిగితే ఒకే చిరునామా, జాయింటు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం చూపించండి.

పీఎఫ్ మాత్రం గట్టి గోడ. స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టులైనా, పరవాడ ఫార్మా కంపెనీలైనా, మధురవాడ ఐటీ కంపెనీలైనా నిబంధన ఒక్కటే: కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులకే నామినేషన్ ఇవ్వాలి. ఆధారపడిన తల్లిదండ్రులు ఆ నిర్వచనంలోకి వస్తారు. అలాంటివారు ఎవరూ లేకపోతేనే బయటి మనిషి పేరు పెట్టవచ్చు, తర్వాత పెళ్ళయితే ఆ పేరు రద్దయిపోతుంది. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఆసుపత్రి: పదికి నాలుగు, ఒక్క చోట తొమ్మిది

అసలు కష్టం ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

ముందుగా ఒక అపోహ. స్పృహలో ఉన్న పెద్ద మనిషి ఆపరేషన్‌కి తన సంతకం తనే చేయవచ్చు. రక్తసంబంధీకుల సంతకం చట్టం అడగదు. ప్రాణాపాయంలో, సంతకం పెట్టే స్థితి లేనప్పుడు, డాక్టరు ఆగకుండా చికిత్స చేయవచ్చు. చిక్కు ఈ రెండింటి మధ్య ఉన్న జాగాలో వస్తుంది: మనిషి స్పృహలో లేడు, ప్రాణం వెంటనే పోయేది కాదు, నిర్ణయం తీసుకోవాలి. అప్పుడు కౌంటరు దగ్గర "మీరేమవుతారు?" అన్న ప్రశ్న వస్తుంది. పెళ్ళయినవారికి అది ఒక్క మాటతో తీరే ప్రశ్న.

ముందుగా నిర్ణయించుకున్న చికిత్సలకు చేరేటప్పుడే ఒక ఉత్తరం రాసి కేస్‌షీటుకి జతచేయించండి: నా చికిత్స వివరాలు ఫలానా మనిషికి చెప్పవచ్చు, నేను మాట్లాడలేని స్థితిలో ఆ మనిషిని సంప్రదించండి, నన్ను చూడటానికి ఆ మనిషిని అనుమతించండి. ఆసుపత్రి ముద్రతో ఒక నకలు తీసుకోండి. ఇది చట్టం గుర్తించిన పత్రం కాదు, ఆసుపత్రి పక్కన పెట్టినా పెట్టవచ్చు. అయినా రాత్రి డ్యూటీ డాక్టరు చేతిలో కాగితం ఉండటానికి, లేకపోవడానికి తేడా ఉంది.

ముందస్తు వైద్య నిర్దేశం సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023 జనవరిలో సులువు చేసిన పత్రం. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరించుకోవాలి. మెజిస్ట్రేటు దాకా వెళ్ళాల్సిన పాత పద్ధతి పోయింది. నిర్ణయం తీసుకునే సంరక్షకుడిగా భాగస్వామి పేరు పెట్టవచ్చు. హద్దు ఏమిటంటే, కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణాధార చికిత్స కొనసాగించాలా ఆపాలా అన్న దానికే ఇది. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి కాలికి ఆపరేషన్ చేయాలంటే ఇది మాట్లాడదు.

తొమ్మిది మార్కుల పత్రం ఎవరూ పట్టించుకోనిది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ప్రతినిధి నియామకం. 14వ సెక్షన్ ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ పెడితే చాలు. మైనరు కాని ఎవరినైనా పెట్టుకోవచ్చు. బంధుత్వం అడగదు. పైగా ఆ చట్టమే లైంగిక ధోరణి బట్టి వివక్ష కూడదంటుంది. దీని విలువ విశాఖ జంటలకు ఇంకో కోణంలో తెలుస్తుంది. కూతురు ఇంకో అమ్మాయిని ఇష్టపడిందని తెలియగానే "నయం చేయించడానికి" మానసిక వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళే ఇళ్ళున్నాయి. అలా మార్చే చికిత్స వైద్య వృత్తిలో దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ప్రతినిధి పత్రం ఉంటే చేర్పించే విషయంలో ఆ ప్రతినిధి మాటకి చట్టంలో చోటుంది. ఖర్చు ఒక్క తెల్లకాగితం. ఈ రోజే రాసుకోండి.

అవయవదానం గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. కిడ్నీ ఇవ్వాలంటే భార్య, భర్త దగ్గరి బంధువుల జాబితాలో ఉంటారు. స్వలింగ భాగస్వామి ఉండరు, కాబట్టి అధికార కమిటీ అనుమతి కావాలి. డబ్బు తీసుకోవడం లేదని, ఆప్యాయతతోనే ఇస్తున్నారని ఆ కమిటీ ముందు రుజువు చేయాలి. ఏళ్ళ తరబడి ఒకే చిరునామా చూపించే కాగితాలు అప్పుడు అక్కరకొస్తాయి.

మరణం తర్వాత భౌతికకాయం విషయంలో, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామికి అప్పగించవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. "లేనప్పుడు" అన్న మాటని గమనించండి. వాళ్ళు వచ్చి అడిగితే ఈ లేఖ మీకు నిలబడదు.

పవర్ ఆఫ్ అటార్నీ: పదికి మూడు

జంటలు ఎక్కువ డబ్బు పెట్టేదీ, ఎక్కువ నమ్మేదీ ఇదే, కట్టలో ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే. మనిషి పోయిన క్షణంలో పవర్ రద్దు. మతిస్థిమితం తప్పినా కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రద్దు. అంటే, ఎప్పుడు కావాలని చేయించుకుంటున్నారో సరిగ్గా అప్పుడే ఇది పోతుంది. "కోమాలోకి వెళ్ళినా చెల్లుతుంది" అని ఎవరైనా రాసిపెడితే ఆ మాటకి బలం లేదు. జనరల్ పవర్‌తో ఇల్లు అమ్మినట్టు రాసుకున్నా హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఒకరు ఓడలో ఆర్నెల్లు, ఒకరు ఊళ్ళో ఉంటే జీవీఎంసీ పన్ను కట్టడానికో, కరెంటు ఆఫీసులో పేరు మార్పుకో పరిమితమైన స్పెషల్ పవర్ రాసుకోండి. అంతవరకు పనికొస్తుంది.

ఇల్లు: పదికి ఆరు

అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ అద్దెదారులుగా ఉండాలి. ఒకరి పేరుతో తీసుకుని రెండోవారు "ఉంటున్నారు" అనుకుంటే మొదటివారికి ఏదైనా అయిన నాడు రెండోవారు ఇంటివారి దయ మీద పడతారు. "ఫ్యామిలీకే" అని బోర్డు పెట్టిన ఇంట్లో అక్కచెల్లెళ్ళమని చెప్పి దిగడం వీలుగా అనిపించవచ్చు. కాగితం మీద మాత్రం ఆ మాట రాయనివ్వకండి. రేపు వీలునామా కేసులో ఆ ఒప్పందమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఫ్లాటు కొంటే విక్రయ దస్తావేజులో ఎవరి వాటా ఎంతో రాయించండి. రాయకపోతే పెట్టిన డబ్బు లెక్క చూస్తారు, ఆ లెక్కకి రుజువు లేకపోతే సమానం అనుకుంటారు. చెల్లింపులు బ్యాంకు ద్వారానే జరగాలి. ఒకరు పోతే వారి వాటా రెండోవారికి దానంతట అదే రాదు. దానికీ వీలునామాయే.

దానం చేద్దామనుకునేవారు పన్ను చూసుకోండి. బంధువుల జాబితాలో లేని మనిషి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి కానుకగా అందితే మొత్తం సొమ్ము ఆదాయం కింద లెక్కకొస్తుంది. భార్యకి భర్త కోటి ఇచ్చినా అలా పన్ను పడదు. స్టాంపు డ్యూటీ కూడా కుటుంబ సభ్యుల మధ్య తక్కువ, బయటివారికి ఎక్కువ. వీలునామా ద్వారా వచ్చినదానికి ఈ ఆదాయపు పన్ను లేదు. పెళ్ళి హక్కు డబ్బున్నవాళ్ళ సరదా అనేవారు ఈ పేరా లెక్క ఒకసారి వేసుకోవాలి. జీతం డబ్బుతో ఒక గది ఇల్లు కొనుక్కున్న జంట మీద పడే భారం ఇది.

సహజీవన ఒప్పందం: పదికి రెండు

వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, ఇద్దరి ఫోటోలు. చూడటానికి పెళ్ళి పత్రంలా ఉంటుంది, కొందరు అలాగే అమ్ముతారు. పెళ్ళి పత్రాలు రాసి ఇచ్చే అధికారం నోటరీకి లేదని కేంద్ర న్యాయశాఖ 2024లో హెచ్చరించింది కూడా. అందులో "వివాహం" అన్న మాట ఉంటే ఆ కాగితం వద్దనండి. అద్దె ఎవరెంత, ఈఎంఐ ఎవరెంత, విడిపోతే అడ్వాన్సు ఎవరికి అన్న లెక్కల ఒప్పందంగా రాసుకుంటే ఆ రెండు మార్కులు వస్తాయి.

బ్యాంకాక్ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చే ఆలోచన కూడా ఈ మధ్య వినిపిస్తోంది. థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి స్వలింగ వివాహం చట్టబద్ధం. ఆ పత్రం భారత్‌లో ఏ కౌంటరు దగ్గరా చెల్లదు. గుర్తించే దేశానికి వలస వెళ్ళేవారికి మాత్రం అర్థముంది.

ఈ ఎనిమిదీ చేయనిది: పిల్లలు. జంటగా దత్తత లేదు, ఎందుకంటే రెండేళ్ళ స్థిరమైన వివాహ బంధం కావాలి. ఒంటరి వ్యక్తిగా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లని ఇవ్వరు. అప్పుడు బిడ్డకి చట్టం ముందు ఒక్కరే కన్నవారు. పెంచిన రెండోవారిని కనీసం వీలునామాలో సంరక్షకులుగా సూచించండి.

ఇంటివాళ్ళు పోలీసులతో వస్తే

మేజరైన అమ్మాయి ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో ఒక స్వలింగ జంటకు సంబంధించిన హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే) కేసులో చెప్పింది. అలాంటి కేసుల్లో ఆ మనిషితో కన్నవాళ్ళు లేకుండా ఒంటరిగా మాట్లాడాలని, "నయం చేసే" కౌన్సెలింగ్‌కి పంపకూడదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రెండు తీర్పుల నకళ్ళు ఫోన్లో ఉంచుకోండి. వకీలుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం. సహాయ నంబరు 15100.

ఏది ముందు అంటే: మానసిక వైద్య ప్రతినిధి పత్రం ఈ రోజే, ఈ వారంలో జాయింటు ఖాతా, నామినేషన్లు, ఈ నెలలో ఇద్దరి వీలునామాలు విడివిడిగా, ఎందుకంటే ఒకే కాగితం మీద ఇద్దరూ రాస్తే మార్చుకోవడం కష్టం, ఆ తర్వాత ముందస్తు వైద్య నిర్దేశం. పవర్, సహజీవన ఒప్పందం అవసరం పడితేనే. అసలు కాగితాలు లాకరులో పెట్టేటప్పుడు ఆ లాకరు ఇద్దరి పేరునా ఉందో లేదో చూసుకోండి. ఒక్కరి పేరునే ఉండి ఆ ఒక్కరే పోతే వీలునామా లాకరులోనే చిక్కుకుపోతుంది. ఒక నకలు సాక్షుల్లో ఒకరి దగ్గర ఉంచండి. సాక్షి ఊరు మారినా, మీరు ఇల్లు మారినా, కొత్త ఖాతా తెరిచినా వీలునామా మళ్ళీ రాసుకోండి. పాతది రిజిస్టరైనదైనా సరే, సరిగ్గా రాసిన తర్వాతిదే చెల్లుతుంది.